చల్లటి ఇంజను మీద చెయ్యి

మా మేనల్లుడికి నరసరావుపేట పక్కన నాలుగెకరాల నల్లరేగడి ఉంది. మిరప, పత్తి వేస్తాడు. కొత్త ట్రాక్టరు కొంటే వాయిదాలకే ఆ పొలం సరిపోదు. అద్దెకు పిలిస్తే పదును ఆరిపోయాక వస్తారు. "మామయ్యా, తెనాలి దగ్గర మాసీ 1035 ఒకటి ఉందంట. 1994 బండి. లక్షా అరవై చెబుతున్నారు. నువ్వొస్తే చూసొద్దాం" అని ఫోన్ చేస్తే బయలుదేరాను.

మేం వెళ్లేసరికి ఎనిమిదయింది. ఎర్రరంగు కొత్తగా కొట్టి, బండిని ఇంటిముందు నిలబెట్టారు. ఆసామి తాళం తిప్పబోతుంటే ఆగమని ఇంజను బ్లాకు మీద అరచెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. "పొద్దున ఒకసారి తిప్పామండీ" అన్నాడు. మోసం చెయ్యాలని తిప్పి ఉండకపోవచ్చు. కానీ వేడి మీదున్న డీజిల్ ఇంజను తన రోగం బయటపెట్టదు. రింగులు అరిగి కంప్రెషన్ తగ్గిన బండి చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తుంది. స్టార్టింగ్ రేపు పొద్దున చూస్తామని, ఇవాళ మేం వెళ్లాక బండికి చెయ్యి తగిలించొద్దని అడిగాను. సరేనన్నాడు.

ఆ పూటంతా వెనక భాగం చూశాం. పాత బండి కొనేవాళ్లలో ఎక్కువమంది ఇంజను శబ్దం విని, పొగ చూసి, బేరం మాట్లాడతారు. నల్లపొగ వస్తే నాజిల్స్, పంపు. నీలంపొగ వస్తే ఆయిల్ కాలుతోందని వాళ్లకీ తెలుసు. నన్నడిగితే ఈ బండికి ఇంజను అంత భయపడాల్సింది కాదు. చెన్నై సింప్సన్ వారి మూడు సిలిండర్ల ఇంజను అది. స్లీవులు, పిస్టన్లు మార్చి మళ్లీ నిలబెట్టగల మేస్త్రీలు మన పట్టణాల్లో చాలామంది ఉన్నారు. ఎంతవుతుందో ముందే లెక్క తెలుస్తుంది. వెనక భాగం ఖర్చు విప్పితేగాని తెలియదు.

1987లో మా నాన్న ఒక పాత బండి కొన్నారు. ఇంజను వింటుంటే ముచ్చటేసేది. సరిగ్గా నాట్ల ముందు వెనక హౌసింగు కారడం మొదలైంది. రంగు గీకి చూస్తే కింద వెల్డింగు గీత. ట్రాక్టరుకు లారీలాగా చాసిస్ ఉండదు. ఇంజను, గేరుబాక్సు, హౌసింగు ఒకదానికొకటి బిగించి ఉంటాయి, వెన్నెముక అదే. వేపచెట్టు కింద బండిని రెండు ముక్కలు చేసి మొద్దుల మీద నిలబెట్టారు. ఆ ఏడు మా నాట్లు మూడు వారాలు ఆలస్యమయ్యాయి. అమ్మిన మనిషిని నాన్న ఒక్క మాట అనలేదు. నేను మాత్రం అప్పటినుంచి కొత్త రంగు కనబడితే ముందు బండి కింద పడుకుని చూస్తాను.

డెల్టా బండి అంటే ఇంకో జాగ్రత్త ఉంది. కేజ్ వీల్స్ వేసి దమ్ము చేసేటప్పుడు ఇరుసు దాకా బురద నీళ్లు వస్తాయి. సీళ్లు దెబ్బతింటే ఆ నీళ్లు బ్రేకుల్లోకి, ఆయిల్లోకి చేరతాయి. ఈ మాసీలో గేరుబాక్సుకి, డిఫరెన్షియల్‌కి, హైడ్రాలిక్‌కి ఆయిల్ ఒక్కటే. హైడ్రాలిక్ పంపు కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. అందులో నీళ్లు కలిస్తే మూడూ ఒకేసారి చెడతాయి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది.

గొర్రు తగిలించి లిఫ్టు ఎత్తాం. ఎత్తి ఉంచినంతసేపూ కిందికీ పైకీ ఊగుతూనే ఉంది. ఇంజను ఆపి టీ తాగి వచ్చేసరికి జానెడు దిగింది. సీటు వెనక టాప్‌లింకు దగ్గరుండే పెద్ద స్ప్రింగును మేనల్లుడి చేత పట్టించి ఊపించాను. లొడలొడలాడింది. ట్రాక్టరుకూ గొర్రుకూ మూడు చోట్ల ముడి వేసి, వాటిని ఒకే యంత్రంలా చేసినవాడు ఐర్లండ్‌కి చెందిన హ్యారీ ఫెర్గూసన్. నేల గట్టిగా తగిలి గొర్రు మీద బరువు పెరిగితే టాప్‌లింకు ఆ స్ప్రింగును నొక్కుతుంది, లిఫ్టు తనంతట తాను గొర్రును కాస్త పైకి తీస్తుంది. తేలికపాటి బండి రేగడిని దున్నగలిగేది దానివల్లే. దమ్ములో దాంతో పని పడదు. పదేళ్ల కిందటే అది పాడైనా ఈ ఆసామి గమనించి ఉండడు. మావాడి పొలంలో మొదటి సాలులోనే తెలిసిపోతుంది. బండి మంచిదా కాదా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబుండదు. ఇంతకుముందు ఏ పని చేసింది, ఇకమీదట ఏ పని చెయ్యాలి, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఏమన్నా చెప్పగలను.

మావాడికి మొదట హెచ్ఎంటీ 2511 మీద మనసుండేది. నాకూ ఇష్టమే, 1971లో చెక్ జెటార్ సాంకేతికతతో పింజోర్‌లో మొదలైన బండ్లవి. కానీ 2016లో ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. ఒక్క సామాను కోసం వారం తిరగగలిగే ఓపిక, తెలిసిన మేస్త్రీ ఉన్నవాళ్లు దాన్ని కొనుక్కోవచ్చు. మావాడికి ఆ రెండూ లేవు.

సీ బుక్కు ఆసామి తండ్రి పేరున ఉంది. ఆయన పోయి ఆరేళ్లు. మొదటి రిజిస్ట్రేషన్‌కి పదిహేనేళ్లు, ఆ తరవాత అయిదేళ్లకోసారి రెన్యువల్. ఇది 2019తో ఆగిపోయింది. బ్యాంకు అప్పు తీరినా హైపోథికేషన్ కొట్టేయించలేదు. బండి వెనక తగిలించే ట్రక్కుకి వేరే నంబరు, వేరే బుక్కు. ముందు వారసుల పేరుకి మారాలి, తరవాతే మనకి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు గుడ్డతో తుడిచి బుక్కుతో పోల్చి చూశాం. కలిశాయి.

ఆ రాత్రి తెనాలిలో మా పెదనాన్న కొడుకింట్లో పడుకుని, ఆరింటికల్లా మళ్లీ వెళ్లాం. ఈసారి బ్లాకు చల్లగా ఉంది. రెండో ప్రయత్నానికి అందుకుంది. అర నిమిషం తెల్లపొగ వచ్చి తేటపడింది. ఆయిల్ మూత తీస్తే ఊపిరి మెల్లగానే వస్తోంది. ఇంజనుకి ఇంకా ఆయుష్షుంది.

ఇంజను ఆపించి, వెనక ఆయిల్ మార్పించే ఖర్చు మాది, ప్లగ్గు ఒక్కసారి వదులు చెయ్యనివ్వమని అడిగాను. మొదట నీళ్లొచ్చాయి, రెండు గ్లాసుల పైనే. తరవాత మడ్డి ఆయిల్. మేనల్లుడు దాన్ని వేళ్ల మధ్య రాసి, వెలుగులో పట్టి చూశాడు. "ఇనప రజను లేదు మామయ్యా" అన్నాడు. నేనేమీ అనలేదు. కాసేపు ఆగి వాడే లక్షా పదిహేనుకి అడిగాడు, కాగితాలు వాళ్లు సరిచేసి ఇచ్చే షరతు మీద.

ఆసామి వాళ్లమ్మని పిలిచాడు. ఆమె వచ్చి మడ్గార్డు మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఇటుకలకా బాబూ, పొలానికా?"

"పొలానికేనమ్మా. మిరప."

ఆమె లోపలికెళ్లి సీ బుక్కు తెచ్చింది.