అతుకు కనిపించని మరుపు

మరుపు అనగానే ఖాళీ గుర్తొస్తుంది. సాంఘిక మనస్తత్వ శాస్త్రం చెప్పేది వేరు. 1932లో వచ్చిన 'రిమెంబరింగ్'లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన ప్రయోగం ఒకటి వివరించాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల ప్రేతాల యుద్ధం కథను ఇంగ్లీషు పాఠకులకిచ్చి, కొంతకాలం తర్వాత గుర్తున్నది రాయమన్నాడు. సీల్ జంతువుల వేట చేపల వేటయింది. అంతుపట్టని ప్రేతాలు జారిపోయాయి. అయితే ఎవరూ మధ్యలో ఖాళీ వదల్లేదు. తమకు అలవాటైన లోకానికి తగ్గట్టు కథను నున్నగా అతికేశారు. అబద్ధమాడుతున్నామని వాళ్ళకు తెలియదు కూడా.

ముద్దుపళని 'రాధికాసాంత్వనము' ముద్రణ చరిత్ర చూసినప్పుడల్లా నాకు ఈ అతుకే గుర్తొస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని కొలువులో ఉన్న ఈ కవయిత్రి పీఠికలో తన ఇంటి స్త్రీల గురించి, తన పాండిత్యం గురించి ఏ సంకోచమూ లేకుండా చెప్పుకుంది. 1887 నాటి ప్రతిలో ఆ పీఠిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. శృంగారం ఎక్కువైందని పద్యాలు తీసేశారనుకుందాం. పీఠికలో అశ్లీలమేముంది? ఒక గణిక తన వారసత్వాన్ని ఆడవాళ్ళ మీదుగా లెక్కపెట్టుకోవడమే కాబోలు!

అసలు ప్రతి సంపాదించిన బెంగుళూరు నాగరత్నమ్మకే ఆ లోటు కనబడింది. 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పాఠం అచ్చువేయించి, సిగ్గు ఆడవాళ్ళకేనా అని వీరేశలింగాన్ని నిలదీసింది. 1911లో ప్రభుత్వం ప్రతులను జప్తు చేసింది. 1947లో గానీ నిషేధం తొలగలేదు. నిషేధించాలంటే కనీసం పుస్తకం పేరైనా రాయాలి. కత్తెరకు ఆ అవసరం లేదు.

ఇవాళ ముద్దుపళని పేరు స్త్రీవాద విమర్శలో తరచు వినిపిస్తుంది, అదీ ఎక్కువగా నిషేధం, కోరిక అనే రెండు మాటల మధ్యే. ఆ చట్రంలో కావ్యం పలచబడుతోంది. రాధ ఇళను పెంచి, కృష్ణుడికిచ్చి పెళ్ళిచేసి, పడకటింటి మెలకువలు నేర్పి, ఆనక అసూయతో కుమిలిపోతుంది. పీఠిక లేకుండా చదివితే ఆమె మామూలు ఖండిత నాయిక. పీఠికతో కలిపి చదివినప్పుడు మరో ఇల్లు కళ్ళకు కడుతుంది: విద్య స్త్రీ నుంచి స్త్రీకి అందే ఇల్లు, నేర్పిన పెద్దావిడ చోటును నేర్చుకున్న పిల్ల ఆక్రమించే ఇల్లు. రాధ ఏడుస్తున్నది ఒక్క కృష్ణుడి కోసమేనని నేననుకోను.