పంక్తి కొలత, ఇండెంటేషన్: ఒక విమర్శ

మునుపటి పాఠాల్లో మీరు పైథాన్ ప్రోగ్రాములు రాశారు. ఆ భాషకు శైలీ మార్గదర్శి అయిన పెప్ 8 (2001) పంక్తి 79 క్యారెక్టర్లు మించకూడదనీ, ఇండెంటేషన్‌లో ఒక్కో మెట్టుకు 4 ఖాళీలు ఇవ్వాలనీ చెబుతుంది. రెండూ ఒకే పత్రంలో ఉన్నాయి కదా అని రెండింటికీ ఒకే విలువ ఇవ్వవచ్చా?

దీనికి తిరుమలలోనే ఒక పోలిక దొరుకుతుంది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కినవారు రేకు అంచు వచ్చినచోట పంక్తి ముగించారు. పాదం ఎక్కడ పూర్తయిందో పంక్తి చూపదు. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పరిష్కర్తలు పల్లవిని, చరణాలను విడదీసి అచ్చుకు సిద్ధం చేశారు. అంచు రాగికి సంబంధించినది. విభజన పాటకు సంబంధించినది.

ప్రోగ్రాములోనూ ఇదే తేడా ఉంది. పంక్తి కొలతకు మూలం ఐబీఎం 1928లో తెచ్చిన 80 నిలువు వరుసల పంచ్‌కార్డు. తరువాత చాలా టెర్మినల్ తెరలు అదే వెడల్పును కొనసాగించాయి. లినక్స్ కెర్నల్ కోడ్‌ను సరిచూసే సాధనం 2020లో తన హెచ్చరిక పరిమితిని 80 నుంచి 100కు పెంచింది. దానివల్ల ఏ ప్రోగ్రాము అర్థమూ మారలేదు. కానీ పైథాన్‌లో పదిసార్లు తిరిగే 'ఫర్' లూప్ లోపలి 'ప్రింట్' పంక్తిని లూప్ చివర 4 ఖాళీలు ఎడమకు జరిపి చూడండి. పదిసార్లు రావలసిన ఫలితం ఒక్కసారే వస్తుంది. ఇక్కడ ఇండెంటేషన్ అలంకారం కాదు, వ్యాకరణం.

అయితే పంక్తి కొలత నిరుపయోగమని అనలేం. రెండు ఫైళ్లను పక్కపక్కన తెరిచి చదవడానికి అది తోడ్పడుతుంది. దాని లోపం లెక్కలో ఉంది. 'తిరుపతి' మనకు 4 అక్షరాలు, యూనికోడ్ లెక్కలో 7. 'చిత్తూరు' మనకు 3, అక్కడ 8. వ్యాఖ్యలకు పెప్ 8 సూచించే పరిమితి 72 మాత్రమే కనుక తెలుగులో వ్యాఖ్య రాసేవారికి ఆ హద్దు మరీ త్వరగా ఎదురవుతుంది.

కాబట్టి ఇండెంటేషన్‌ను నియమంగా పాటించండి. పంక్తి కొలతను చదువరి పట్ల మర్యాదగా పాటించండి. బృందం అంగీకరిస్తే 99 వరకు వెళ్లవచ్చని పెప్ 8 కూడా ఒప్పుకుంటుంది. పంక్తిని కుదించడానికి చలరాశుల పేర్లను అర్థంకాకుండా కత్తిరించకండి. విరవవలసి వస్తే అర్థం ముగిసినచోట విరవండి.

అభ్యాసం: మీ ప్రోగ్రాములో 79 దాటిన ఒక పంక్తిని రెండు విధాలుగా విరిచి, ఏది తేలికగా చదవగలుగుతున్నారో కారణంతో రాయండి.