పాడేవాడు నవ్వకూడదు

అర్థంపర్థం లేని పాటను అద్భుతంగా పాడటం ఎంత కష్టమో తెలియాలంటే ఫ్రెంచి హాస్యగాయకుడు డ్రానెమ్‌ని వినాలి. పారిస్‌లో పాటలు వినిపించే కఫే-కాన్సెర్‌లు ఎందరో హాస్యగాయకులను తయారుచేశాయి. పల్లెటూరి సిపాయి వేషంలో పోలాన్ ఉన్నాడు, కోటుకి పువ్వు గుచ్చుకుని సొగసుగా వచ్చే మయోల్ ఉన్నాడు. ఇద్దరూ ఉద్దండులే. అయినా నా ఓటు డ్రానెమ్‌కే.

1869లో పారిస్‌లో పుట్టాడు. అసలు పేరు అర్మాన్ మెనార్. ఇంటిపేరులోని అక్షరాలను తిరగేసి డ్రానెమ్ అయ్యాడు. 1899లో ఎల్డొరాడో అనే కఫే-కాన్సెర్‌లో అడుగుపెట్టి దాదాపు ఇరవై ఏళ్లు ఆ హాలుకు ప్రాణంగా నిలిచాడు. బుర్రకు చాలని బుల్లి టోపీ, బిగుతు కోటు, పొట్టి లాగు, లేసుల్లేని పెద్ద బూట్లు, ఎర్రరంగు పూసిన ముక్కు. ఆ టోపీ పాతబట్టల సంతలో దొరికిందంటారు.

వేషం సంగతి అంతే. విద్య అంతా పాడే తీరులో ఉంది. కఫే-కాన్సెర్ అంటే జనం బల్లల దగ్గర కూచుని తాగుతూ, పొగ వదులుతూ, కబుర్లాడుకుంటూ పాట వినే చోటు. మైకు లేదు. హాస్యగీతంలో ఒక్క మాట మింగితే నవ్వు పోయినట్టే. డ్రానెమ్ పాటలో ఒక్క హల్లు కూడా అరిగిపోదు. కళ్లు మూసుకుని, తన నోట్లోంచి వస్తున్న మాటలకు తానే భయపడుతున్నవాడిలా నిలబడి పాడేవాడు. బఠాణీల మీద ఆయన పాడిన పాటనే తీసుకోండి. అందులో కథ లేదు, నీతి లేదు. చరణం తర్వాత చరణం అదే పల్లవి దగ్గరికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ మొదటిసారి విన్నంత అమాయకంగా అందుకుంటాడు. ఎక్కడా కన్ను గీటడు, నవ్వమని అడగడు. ఆ నిగ్రహమే నవ్వు పుట్టిస్తుంది!

ద్వంద్వార్థాల పాటలూ పాడాడు, కాదనను. 1906 దాకా పాటలు సెన్సారుకు చూపించాల్సిన రోజులవి. కాగితం మీద శుద్ధంగా కనిపించే మాట గొంతులో మరొకటి అయ్యేది. ఆ రెండో అర్థం హాలంతటికీ తెలుస్తుంది, పాడేవాడికి ఒక్కడికే తెలియదు. తెలిసీ తెలియనట్టు పాడటం చాలామందికి వచ్చు. నిజంగానే తెలియదని నమ్మించడం డ్రానెమ్‌కే చెల్లింది. ఒడియాన్ వంటి పెద్ద రంగస్థలం మోలియేర్ హాస్యానికి ఆయన్ని పిలిచిందంటే ఊరికే పిలవలేదు.

1905లో గోమాన్ సినిమా సంస్థకు దర్శకురాలు ఆలిస్ గీ ఆయన పాటలను చిత్రించింది. ముందు పాటను రికార్డు చేసి, తర్వాత దానికి పెదవులు కదుపుతుంటే కెమెరా తిప్పేవారు. మన సినిమా పాటల పద్ధతే, మూగచిత్రాల కాలంలో!

ఇక నా కోపం. బూట్లు తగిలించుకుని, ముక్కుకు రంగు పూసుకుంటే డ్రానెమ్ అయిపోతామనుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఈనాటి టీవీ హాస్యం చూడండి. మాట పూర్తికాక ముందే చెప్పేవాడు నవ్వేస్తాడు, పక్కవాళ్లు పడిపడి నవ్వుతారు, వెనక నుంచి రికార్డు చేసిన నవ్వులు కలుపుతారు. ప్రేక్షకుడు చేయాల్సిన పని కూడా వాళ్లే చేసేస్తే ఇక అతనెందుకు? ఈ చవకబారుతనాన్ని హాస్యం అనడం ఆ కళకే అవమానం.

గాయక నటుడు మోరిస్ షెవాలియే అభిమానులకు కోపమొచ్చినా సరే, ఒక మాట చెప్పాలి. కుర్రతనంలో ఆయన అనుకరించినవారిలో డ్రానెమ్ ఒకడు. 1923లో 'లా-ఓ' అనే సంగీత నాటకంలో ఇద్దరూ కలిసి వేశారు. ఎక్కువ నవ్వులు పెద్దాయనే దక్కించుకున్నాడని చెబుతారు. నాకేమీ ఆశ్చర్యం లేదు. ప్రపంచం మాత్రం షెవాలియే టోపీనే గుర్తుపెట్టుకుంది.

కఫే-కాన్సెర్‌లు పోయాయి. ఎల్డొరాడో కూడా సినిమా హాలైంది. వృద్ధులైన గాయనీగాయకులు వీధిన పడకూడదని 1911లో రిస్-ఒరాంజిస్‌లో ఆశ్రమం నెలకొల్పినవాడు డ్రానెమే. 1935లో కన్నుమూశాడు. ఆయన పాత రికార్డులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. హాస్యం రాసేవారు, ఆడేవారు, పాడేవారు దయచేసి ఒక్కసారి వినండి. ఫ్రెంచి రాకపోయినా ఫరవాలేదు, ఆయన ఎక్కడ ఆగుతున్నాడో గమనించండి.