స్కానింగ్ గదిలో తెలుగు: గర్భవార్తను చెప్పే భాష – ఒక పరిశీలన

తెలుగు సాహిత్యంలో ప్రసవానికి దక్కిన చోటు గర్భనిర్ధారణకు దక్కలేదు. పుట్టుకను గురించి ప్రబంధం, పాట, వచన కవిత మూడూ మాట్లాడాయి. కడుపు నిలిచిందన్న తొలి వార్తను ఎవరు చెబుతారు, ఏ మాటలలో చెబుతారు, విన్న స్త్రీకి అది ఎంతవరకు అందుతుంది అన్న ప్రశ్నలు మాత్రం విమర్శలో అరుదుగా వినిపిస్తాయి. నేడు ఆ వార్త ఖాయమయ్యేది స్కానింగ్ గదిలో. రద్దీగల ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో తొలి నెలల స్కానింగును ఒక భాషా సందర్భంగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. అక్కడ చట్టం నిషేధించింది ఒక్క విషయాన్ని. ఆచరణలో మౌనం అన్ని విషయాలకూ వ్యాపించే వీలుంది. ఆ మౌనాన్ని తొలగించగల పదసంపద తెలుగులో ఇప్పటికే ఉందన్నది ఇందులోని ప్రతిపాదన.

సోమశిల నుంచి

చర్చకు సోమశిలను ఆధారంగా తీసుకోవడానికి కారణం ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు ఇది. శ్రీశైలం జలాశయపు ముంపు వల్ల ఇక్కడి పాత సోమేశ్వరాలయాన్ని ఎగువకు తరలించి కట్టారు. ఇటువంటి ఏటి ఒడ్డు ఊరి గర్భిణికి స్కానింగ్ అంటే ప్రయాణం. ముందు కొల్లాపూర్, అక్కడ కుదరకపోతే జిల్లా కేంద్రం, చిక్కు ఉందంటే హైదరాబాద్‌లోని పేట్లబురుజు వంటి పెద్ద కాన్పుల దవాఖాన. దూరం పెరిగేకొద్దీ భాష కూడా మారుతుంది. ఇంట్లో 'నెల తప్పింది' అన్న మాట, ఆశా కార్యకర్త నోట 'ఎన్నో నెల' అన్న ప్రశ్నగా, దవాఖాన చీటీలో వారాలు, రోజుల లెక్కగా మారుతుంది. పండుగలతో, అమావాస్యలతో నెలలు లెక్కించే స్త్రీ, ఆఖరి బహిష్టు తేదీ నుంచి 280 రోజులు లెక్కగట్టే పద్ధతిలోకి ప్రవేశించేది ఈ దారిలోనే.

గర్భధారణకు తెలుగులో 'నీళ్లు పోసుకోవడం' అన్న పలుకుబడి ఉంది. తొలి వారాలలో పొట్టమీదినుంచి చేసే స్కానింగుకు మూత్రాశయం నిండి ఉండడం అవసరం. నిండిన మూత్రాశయం పేగులను పక్కకు నెట్టి గర్భసంచి కనబడేటట్లు చేస్తుంది. కనుక నీళ్లోసుకున్న మనిషి నీళ్లు తాగి, ఆపుకొని, వరుసలో నిలబడాలి. వంతు ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి తాగాలి. వేవిళ్లతో నోట నీరు నిలవని స్త్రీకి ఇది చిన్న కష్టం కాదు. ఎందుకు తాగాలో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఆ వాక్యం లేనప్పుడు అది వైద్య సూచనగా కాక ఆజ్ఞగా వినబడుతుంది.

గర్భాన్ని చదివినవారు

ప్రాచీన కావ్యంలో గర్భాన్ని చదివేవాడు కవి. అష్టాదశ వర్ణనలలో కుమారోదయం ఒకటి కనుక దానికి ముందు గర్భచిహ్నాల వర్ణన సహజంగానే వస్తుంది. కాళిదాసు రఘువంశం మూడవ సర్గలో సుదక్షిణ దౌహృదం ఇందుకు ప్రసిద్ధమైన మాదిరి. మేని పాండిమ, నడక మాంద్యం, మన్ను తినాలనే కోరిక, ఇవన్నీ బయటినుంచి కనబడే గుర్తులు. గర్భిణి అక్కడ చదవబడే దేహమే తప్ప చెప్పే గొంతు కాదు.

స్త్రీల పాటలలో ఈ సంబంధం తలకిందులవుతుంది. కౌసల్య వేవిళ్లను, పురిటినొప్పులను పాడుకున్న స్త్రీలు గర్భాన్ని లోపలినుంచి చెప్పారు. స్త్రీల రామాయణపు పాటలు అవతార వైభవం కన్నా కాన్పు కష్టాన్ని ఎక్కువ శ్రద్ధతో చిత్రించాయని వెల్చేరు నారాయణరావు గమనించారు. ఈ పాటలలో వార్త దేహంనుంచి పుట్టి, అడిగేవారూ చెప్పేవారూ అయిన ఆడవాళ్ల మధ్య నడుస్తుంది.

స్త్రీవాద కవిత్వం గదులను కవితావస్తువులుగా చేసింది. విమల 'వంటిల్లు', కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' ఈ మార్పుకు నిలువెత్తు నిదర్శనాలు. ఆసుపత్రిలో స్త్రీ దేహం అనుభవించే బాధ, ఒంటరితనం సాహిత్యానికి తగిన వస్తువులని నిర్మల కవిత తిరుగులేకుండా స్థాపించింది. అంతటి ప్రసిద్ధి పొందిన రచన స్కానింగ్ గదికి ఇంకా రాలేదు. అందుకు ఒక కారణం ఊహించవచ్చు. లేబర్ రూమ్‌లో బాధకు కేక ఉంది. స్కానింగ్ గదిలో ఉన్నది మౌనం.

చట్టం ఆపిన మాట, ఆపని మాటలు

గర్భస్థ లింగనిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చింది. 2003లో దానిని సవరించి కట్టుదిట్టం చేశారు. మాటల ద్వారా గానీ, సైగల ద్వారా గానీ, మరే విధంగా గానీ పిండపు లింగాన్ని తెలపరాదని అది శాసిస్తుంది. ప్రతి స్కానింగ్ కేంద్రంలో ఆ మేరకు స్థానిక భాషలోనూ బోర్డు ఉండాలి. ఎఫ్ ఫారంలో గర్భిణి కూడా లింగం తెలుసుకోగోరడం లేదని ప్రకటించాలి. ఆడపిల్ల ప్రాణాన్ని కాపాడే ఈ నిషేధం అవసరమైనదే. దాని సడలింపు ఈ వ్యాసం కోరదు.

ఈ శాసనం తెలుగులో ఒక వ్యాకరణ సమస్యగా కూడా పరిణమిస్తుంది. ఆంగ్లంలో సర్వనామాన్ని తప్పిస్తే సరిపోతుంది. తెలుగులో క్రియ చివరి ప్రత్యయమే రహస్యం బయటపెట్టగలదు. 'ఉన్నాడు' అంటే మహద్వాచకం. 'ఉన్నది' స్త్రీకీ, అమహత్తుకూ ఏకవచనంలో సమానం. పైగా తెలంగాణలో 'బిడ్డ' అంటే కూతురు అన్న అర్థమూ ఉంది. 'బిడ్డ మంచిగున్నది' అన్న నిర్దోషమైన వాక్యం సోమశిల స్త్రీ చెవిలో 'ఆడపిల్ల' అని పలికే అవకాశం ఉంది. ఇటువంటి భాషలో వైద్యులు జాగ్రత్తపడడం అర్థం చేసుకోదగినదే.

అయితే తొలి స్కానింగ్ విషయంలో ఒక వాస్తవాన్ని గుర్తించాలి. ఆరేడు, ఎనిమిది వారాలలో స్కానింగ్ ద్వారా లింగం తెలిసే వీలే లేదు. అప్పుడు తెలిసేవి వేరు: పిండం గర్భసంచిలోనే ఉన్నదా, ఒకటా రెండా, గుండె కొట్టుకుంటున్నదా, ఎన్ని వారాలు. వీటిలో ఏ ఒక్కదాన్నీ చట్టం ఆపలేదు. అయినా పరీక్ష ముగియగానే 'రిపోర్టు తీసుకొని డాక్టరు దగ్గరికి వెళ్లమ్మా' అన్న మాటతో సంభాషణ ముగిసిపోతే, నిషేధపు నీడ నిషేధం లేని చోటా పడినట్లే. వరుసలో పదుల మంది ఉన్నప్పుడు మాట తగ్గించుకోవడం సిబ్బందికి సులభమైన పొదుపు కూడా.

రిపోర్టు అనే పాఠం

చేతికి వచ్చే రిపోర్టును పాఠంగా చదివితే దాని స్వభావం తేలుతుంది. 'సింగిల్ లైవ్ ఇంట్రాయుటెరైన్ జెస్టేషన్' అన్నది అందులో తరచు కనబడే నిర్ధారణ. అందులో క్రియ లేదు, సంబోధన లేదు, తల్లి లేదు. అది ఒక వైద్యుడు మరొక వైద్యునికి రాసిన వాక్యం. కానీ ఆ నాలుగు మాటల వెనుక స్త్రీకి ఉన్న మూడు భయాలకూ సమాధానం ఉంది: ఒక్కటే, ప్రాణంతో ఉంది, ఉండవలసిన చోటే ఉంది. 'గర్భసంచిలోనే ఉంది, ఒక్కటే పిండం, గుండె మంచిగ కొట్టుకుంటున్నది' అంటే సోమశిలకు పూర్తిగా అర్థమవుతుంది. 'పిండం' అమహత్తు, చివరి వాక్యంలో కర్త 'గుండె' కనుక 'కొట్టుకుంటున్నది' ఏ లింగాన్నీ సూచించదు. చట్టానికీ వ్యాకరణానికీ ఒకేసారి సరిపోయే వాక్యం తెలుగులో సిద్ధంగా ఉంది.

గుండె కొట్టుకోవడం కనబడనప్పుడు ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. 'పది రోజులకు మళ్లీ రా' అన్న మాట వైద్యపరంగా సరైనది కావచ్చు. తేదీ లెక్క తప్పి ఉండవచ్చు, మరికొన్ని రోజులు ఆగి చూడవలసి రావచ్చు. కారణం చెప్పకుండా ఆ మాటొక్కటే చెబితే స్త్రీ మౌనాన్ని చదవడం మొదలుపెడుతుంది. స్కానింగ్ గదిలో చెప్పకూడని విషయం ఒకటుందని గోడమీది బోర్డు ఆమెకు ముందే చెప్పింది. కనుక చెప్పని ప్రతి మాటనూ ఆ రహస్యంగానే, లేదా అంతకన్నా పెద్ద కీడుగానే ఆమె భావించవచ్చు. కావ్యంలో కవి గర్భిణి ముఖాన్ని చదివాడు. ఇక్కడ గర్భిణి వైద్యురాలి ముఖాన్ని చదువుతుంది.

ముగింపు

తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు ప్రకటించి కాన్పులను సర్కారు దవాఖానల వైపు మళ్లించింది. గర్భిణికి 24 వారాలలోపు ఒక స్కానింగ్ జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. యంత్రాలు, పథకాలు స్త్రీని ఆ గది దాకా తీసుకురాగలవు. అక్కడ ఆమెకు దక్కవలసిన వాక్యం మాత్రం భాషకు సంబంధించిన బాధ్యత. వేవిళ్ల పాటలనుంచి లేబర్ రూమ్ కవిత దాకా గర్భాన్ని చెప్పే పదసంపద మన సాహిత్యంలో నిక్షిప్తమై ఉంది. దానిని పరిష్కరించి ప్రచురించడంతో తెలుగు శాఖల పని పూర్తికాదు. మాండలికాన్ని ఎరిగిన పరిశోధకులు వైద్యులతో కూర్చొని, తొలి స్కానింగులో తల్లికి చెప్పవలసిన నాలుగైదు వాక్యాలను లింగసూచన లేని తెలుగులో స్థిరపరచగలిగితే, అది పరిభాషా నిర్మాణంలో చిన్న పనే. చీటీ చేతబట్టుకొని సోమశిల బస్సెక్కే స్త్రీకి మాత్రం తన కడుపు గురించిన వార్త తన భాషలో దక్కుతుంది.