నాచు మాత్రలు - విషపరీక్ష

"ప్రకృతిసిద్ధమైనది కనుక నిరపాయకరము" అని నాచు మాత్రలను అమ్మువారు కొందరు చెప్పుచుందురు. గన్నేరు ప్రకృతిసిద్ధమే, ఆముదపు గింజయు ప్రకృతిసిద్ధమే. ఈ వాదమునకు ఇంతకుమించి జవాబు అక్కరలేదు. మనము జాగ్రత్తగా విమర్శింపవలసిన వాదము మరియొకటి కలదు: "పరీక్షలో నెగ్గినది కనుక నిరపాయకరము" అనునది.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున ఎగువ క్లామత్ అను పెద్ద సరస్సు కలదు. అందు తనంతట పెరుగు అఫానిజోమెనాన్ అను నీలి ఆకుపచ్చ నాచును సేకరించి, ఎండబెట్టి, మాత్రలుగా అమ్ముదురు. కాని చేనిలో పైరుతో పాటు కలుపు కూడ మొలచును గదా! 1996లో మైక్రోసిస్టిస్ అను వేరొక నాచు ఆ సరస్సులో విరివిగా పెరిగినది. ఇది మైక్రోసిస్టిన్ అను విషమును పుట్టింపగలదు. ఏడు అమైనో ఆమ్లములు వలయముగా కూడిన ఈ విషము కాలేయ కణములలోని కొన్ని ముఖ్యమైన ఎంజైములను పని చేయనీయదు. నాచును ఎండబెట్టినను, నీటిలో మరిగించినను ఈ విషము పోదు.

1997లో ఆరెగాన్ ప్రభుత్వము, గ్రాము నాచులో ఈ విషము ఒక మైక్రోగ్రాము, అనగా గ్రాములో పదిలక్షవ వంతు, మించరాదని హద్దు విధించినది. 2000లో ప్రకటింపబడిన పరిశోధనలో 87 నమూనాలను పరీక్షింపగా 85 నమూనాలలో విషము కనబడినది. 63 నమూనాలు హద్దును దాటినవి. పరీక్షయే లేకున్న ఈ సంగతి బయటపడెడిది కాదు.

అయితే హద్దులోపల ఉన్నంత మాత్రమున అందరికిని క్షేమమేనా? లెక్క వేసి చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారము, శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.04 మైక్రోగ్రాము వరకు సహింపదగిన మోతాదు. 60 కిలోల మనిషికి ఇది 2.4 మైక్రోగ్రాములగును. హద్దున ఉన్న నాచును అతడు దినమునకు 2 గ్రాములు తినినచో లోనికి పోవునది 2 మైక్రోగ్రాములే. 20 కిలోల బాలునికో, సహింపదగినది 0.8 మాత్రమే. అదే నాచు ఒక్క గ్రాము తినినను ఆ మోతాదు మించిపోవును. పరీక్ష ఫలితము మారలేదు, తినువాడు మారినాడు.

స్పైరులినా స్వయముగా ఈ విషమును తయారు చేయదు. అయినను బయటి తొట్లలో పెంచునప్పుడు ఇతర నాచులు చేరవచ్చును. కనుక ఏనాడో ఒక నమూనాను పరీక్షించిన చాలదు. ప్రతి దఫా సరకును పరీక్షింపవలెను. సీసాపై "పరీక్షింపబడినది" అను ఒక్క మాటకు బదులు విషపు పరిమాణమును, అది ఎంత బరువుగల వారికి తగునో అచ్చువేయవలెను. అంతవరకు పిల్లలకు ఈ మాత్రలు పెట్టకుండుట మేలు.