స్వాప్ అంకె వెనక పనితనం

లినక్స్ సర్వర్‌లో స్వాపినెస్ అనే అంకె మామూలుగా 60 ఉంటుంది. దాన్ని 10కి దించడం ఒక్క లైను పని; ఎప్పుడు దించాలో తెలియడమే అసలు పనితనం. ర్యామ్ ఇరుకైనప్పుడు కెర్నెల్ దేన్ని ముందు ఖాళీ చేయాలి, డిస్కు నుంచి మళ్లీ చదువుకోగల ఫైళ్ల కాపీలనా, ప్రోగ్రాములు రాసుకున్న పేజీలనా అన్న మొగ్గు ఆ అంకెలో ఉంది. అందుకే మంచి అడ్మిన్లు సెట్టింగుల ఫైలు కంటే ముందు మెమరీ కదలికలు చూపే వీఎంస్టాట్ కమాండ్ తెరుస్తారు. స్వాప్ నుంచి ర్యామ్‌కీ, ర్యామ్ నుంచి స్వాప్‌కీ కదలికలు చూపే ఎస్ఐ, ఎస్ఓ గళ్లలో సున్నాలే కనబడుతుంటే, డిస్కు మీది స్వాప్‌లో ఒక గిగాబైటు పడి ఉన్నా కంగారు పడరు. అది ఎవరూ అడగని పాత సామాను, అటక మీదే ఉండనీ. ఆ రెండు గళ్లూ ఆగకుండా కదులుతుంటేనే సర్వర్ రొప్పుతున్నట్టు.

ఇంకాస్త ర్యామ్ కొని స్వాప్ తీసేస్తే పోలేదా అంటారు కొందరు. తీసేస్తే ఆ పాత సామానూ ర్యామ్‌లోనే తిష్ఠ వేస్తుంది. నిజంగా కొరత వచ్చిన రోజున కెర్నెల్‌లోని ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ దిగి, సాధారణంగా ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌ని చంపుతుంది. తరచూ అది డేటాబేసే. ఈ ముప్పు తగ్గడానికే పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ ఓవర్‌కమిట్ సెట్టింగ్‌ని 2కి, అంటే హద్దు దాటి మెమరీ ఇవ్వకుండా మార్చమని సూచిస్తుంది. రెడిస్ మాత్రం 1, అంటే ఎంత అడిగినా ఇచ్చేలా పెట్టమంటుంది, ఎందుకంటే ఫోర్క్ అయ్యేటప్పుడు, అంటే తన కాపీ తీసుకునేటప్పుడు, అది లెక్కలో రెట్టింపు అడిగినా వాడేది సాధారణంగా కొంతే. ఎదురెదురు సలహాలు, రెండూ సరైనవే. పోస్ట్‌గ్రెస్, రెడిస్ ఒకే మెషీన్ మీదుంటే మాత్రం లోడ్ చూసి అడ్మినే తేల్చుకోవాలి.