పులుపుకు పట్టం కట్టిన తీపి

డాన్యూబు ఒడ్డున పండిన పుల్లని పండా, మొదటి దండం నీకే. ఆస్ట్రియా కేకులను పొగిడేవాళ్లు చాక్లెట్‌ను పొగుడుతారు, వెన్నను పొగుడుతారు, తెల్లగా నురగలెత్తిన మీగడను పొగుడుతారు. పొరల మధ్య దాగిన నిన్ను మాత్రం మరిచిపోతారు. నేను నిన్నే పాడతాను. నువ్వు లేకుంటే అవన్నీ ఉత్త చక్కెర. నువ్వు తగిలాకే వాటికి ప్రాణం వచ్చింది.

మెల్క్‌కూ క్రెమ్స్‌కూ నడుమ డాన్యూబు కొండలను ఒరుసుకుంటూ మెలికలు తిరిగే చోటు వాఖావ్ లోయ. మెట్లుమెట్లుగా రాతిగట్లు కట్టి పెంచిన ద్రాక్షతోటలు పైన, ఆప్రికాట్ చెట్లు కింద. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో, చలి ఇంకా చేయి వదలకముందే ఆ చెట్లు పూస్తాయి. ఒక్క రాత్రి మంచు గడ్డకడితే ఏడాది పంట పోయినట్టే. అందుకే అలాంటి రాత్రుళ్లు రైతులు చెట్ల మధ్య నిప్పు రాజేసి కాపలా కాస్తారు. ఆ నిప్పు వెచ్చదనంలో బతికిన పూత జులైకి పండవుతుంది. మరిల్లె అంటారు దాన్ని అక్కడ. హైదరాబాదు పెళ్లి విందులో ఖుబానీ కా మీఠా తిన్న నాలుకకు ఈ పండు ఎండిన రూపం తెలుసు. ముదిరి, చిక్కబడ్డ తీపి అది. చెట్టు మీంచి కోసిన పూట ఇదే పండు తోలు దగ్గర ఒక సన్నని పులుపు దాచుకుని ఉంటుంది. పొయ్యి మీదికి ఎక్కితే ఆ పులుపు తగ్గదు, పదునెక్కుతుంది. ఆస్ట్రియా వంటింటికి ఆ రహస్యం ఎప్పుడో తెలిసిపోయింది.

మరిల్లెన్‌క్నోడెల్, నిన్ను చేసే చేతులు చల్లగా ఉండాలి. పండులోంచి గింజ తీసి, ఆ గుంటలో చక్కెర బిళ్ల పెట్టి, ఉడికించిన బంగాళాదుంపల ముద్దతోనో, పులిసిన పాలను వడకట్టి తీసిన మెత్తని టోప్‌ఫెన్ ముద్దతోనో చుట్టూ మూసేస్తారు. మరిగే ఉప్పునీళ్లలో వేస్తారు. తేలాక తీసి, వెన్నలో ఎర్రగా వేయించిన బ్రెడ్ పొడిలో దొర్లిస్తారు. చెంచాతో గుచ్చితే లోపల చక్కెర కరిగి, పండురసంతో కలిసి, వేడివేడిగా పొంగి వస్తుంది. ముందు వెన్న కమ్మదనం, తర్వాత పిండి మెత్తదనం, ఆఖరున పులుపు. ఆ దేశంలో ఇది భోజనం చివర వడ్డించే తీపి మాత్రమే కాదు, చాలా ఇళ్లలో కొన్ని పూటలు ఇదే భోజనం. తీపిని అన్నమంత గౌరవంగా విస్తట్లో పెట్టుకున్న జనం వాళ్లు.

ఇక నువ్వు, సాఖర్‌టోర్టె. నీ కీర్తి ముందు నడుస్తుంది, నువ్వు వెనక వస్తావు. 1832లో ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ ప్రభువు విందుకు కొత్త తీపి కావాలన్న నాడు వంటపెద్ద జబ్బుపడితే, 16 ఏళ్ల శిష్యుడు ఫ్రాంజ్ సాఖర్ నిన్ను చేశాడని కథ. అతని కొడుకు ఎడువర్ట్ డేమెల్ మిఠాయి దుకాణంలో పని నేర్చాడు, 1876లో సొంత హోటల్ పెట్టాడు. తర్వాతి కాలంలో నీ అసలు పేరు ఎవరిదని ఆ హోటలూ ఆ దుకాణమూ కోర్టుకెక్కాయి. ఆప్రికాట్ జామ్ కేకు నడుమన కూడా ఉండాలా, చాక్లెట్ పూత కింద మాత్రమే ఉండాలా అన్నదీ ఆ వ్యాజ్యంలో ఒక వాదన! 1963లో రాజీ కుదిరింది. అసలైనదన్న బిరుదు హోటల్‌కు, ఎడువర్ట్ పేరు డేమెల్‌కు దక్కాయి. హోటల్ కేకులో జామ్ మధ్యన కూడా ఉంటుంది, డేమెల్ కేకులో పూత కింద మాత్రమే. నా ఓటు మధ్యన ఉన్నదానికే. నీ చాక్లెట్ కాస్త బరువైనది, కేకు కాస్త పొడిది. ఆ పలుచని పులుపు చార అడ్డం పడినచోటే నువ్వు తేలికవుతావు. పక్కన పెట్టే మీగడలో చక్కెర వేయరు. చక్కెర లేని మీగడను చక్కెర కేకుకు తోడిచ్చిన ఆ సంయమనానికి నేను తల వంచుతాను.

లిన్‌ట్స్ నగరం పేరు మోసే టోర్టె, నువ్వు ఇంకా పాతదానివి. నిన్ను చేసే పద్ధతి 1653 నాటికే ఒక దొరసాని చేతిరాత వంటపుస్తకంలో ఉంది. ఆ పుస్తకం అడ్మాంట్ మఠం గ్రంథాలయంలో నిద్రపోయి 2005లో వెలుగు చూసింది. ఊరి పేరు పెట్టుకున్న కేకుల్లో నీకంటే పాతది ఎవరికీ తెలియదు. బాదమో హేజల్‌నట్టో పొడి చేసి పిండిలో కలుపుతారు. దాల్చినచెక్క, లవంగం దాన్ని ముదురు గోధుమరంగుకు తెస్తాయి. పైన రెడ్ కరంట్ జామ్. గుత్తులుగా కాసే ఆ చిన్న ఎర్రని పళ్లు నాలుకను చురుక్కుమనిపిస్తాయి. ఆ ఎరుపు మీద పిండి పట్టీలు అడ్డదిడ్డంగా కాకుండా ఓపిగ్గా అల్లుతారు. కాలిన రోజు నిన్ను తినకూడదు. రెండు మూడు రోజులు ఆగాలి, పండు తడి పిండిలోకి దిగాలి. ఆగిన కొద్దీ మంచిదయ్యే తీపివి నువ్వు.

ఆగలేని తీపి కూడా ఉంది. జాల్స్‌బుర్గ్ నోకెర్ల్‌న్, గుడ్డు తెల్లసొనను గిలక్కొట్టి పొయ్యిలో లేపిన మూడు శిఖరాలు, ఊరిచుట్టూ ఉన్న కొండలకు గుర్తుగా. పొయ్యిలోంచి తీసిన నిమిషాల్లోనే కుంగిపోతాయి. మాట్లాడకుండా తినాలి.

ఆప్‌ఫెల్‌ష్ట్రూడెల్, నీ దగ్గర కాసేపు కూర్చుంటాను. పిండి, గోరువెచ్చని నీళ్లు, కాస్త నూనె, చిటికెడు ఉప్పు. ఈస్ట్ లేదు. బాగా పిసికి, నూనె రాసి, మూతపెట్టి నిద్రపుచ్చుతారు. ఆ నిద్రలో పిండి బిగువు వదిలి సాగే గుణం తెచ్చుకుంటుంది. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద పిండి చల్లి, ఆ ముద్దను నడుమ పెట్టి, ఉంగరాలు తీసేసిన చేతులు కిందికి పోనిచ్చి, మణికట్ల మీద నెమ్మదిగా సాగదీస్తారు. బల్ల అంచులు దాటి వేలాడే దాకా, కింద కాగితం పెడితే అక్షరాలు కనబడే దాకా. గోరు తగిలినా చిరుగుతుంది. ఒట్టోమాన్ల పలుచని పొరల మిఠాయిలు హంగేరీ మీదుగా తెచ్చిన విద్య ఇదని చెబుతారు. వియన్నా దాన్ని యాపిల్‌తో పెళ్లి చేసింది. అదీ తియ్యని యాపిల్‌తో కాదు, పుల్లనిదానితో! దాల్చినచెక్క, ఎండుద్రాక్ష, రసం పీల్చుకునేందుకు వెన్నలో వేయించిన బ్రెడ్ పొడి. గుడ్డ అంచు పైకెత్తితే చాలు, తనంతట తానే చుట్టుకుంటుంది. రుమాలు మడిచినంత సులువుగా ఇంత సున్నితమైన పని జరిగే వంటింటిని చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

బొహీమియా, మొరావియా పల్లెల నుంచి వియన్నా ఇళ్లలో వంట చేయడానికి వచ్చిన ఆడవాళ్లారా, మీ పేర్లు ఏ పెట్టె మీదా ముద్రించలేదు. చక్కెర వేయకుండా గంటల తరబడి, నల్లగా చిక్కబడే దాకా ప్లమ్ పళ్లను ఉడికించిన పోవిడ్ల్ మీరు తెచ్చిందే. దాన్ని కూరి కాల్చిన బుఖ్‌టెల్‌న్ బన్నులు మీవి, గసగసాలు చల్లిన ఆవిరి ఉండ గెర్మ్‌క్నోడెల్‌లోనూ మీ చేయి ఉంది. చక్రవర్తి పేరు కైజర్‌ష్మార్న్‌కు దక్కింది, నిజమే. ముక్కలుగా చింపిన ఆ దోరవేగిన అట్టు పక్కన కూడా పుల్లని ప్లమ్ పళ్ల ముద్దే ఉంటుంది. ఎస్టెర్‌హాజీ టోర్టె అందగత్తె, బాదం పొరలు, తెల్లని పూత మీద గోధుమరంగు గీతలు. కానీ దానికి పులుపు అంతగా ఎదురు నిలవదు. అందుకే నా వరుసలో అది వెనక.

వియన్నా వెళ్లేవాళ్లకు ఒక్క మనవి. సాఖర్‌టోర్టె తిని, ఫొటో తీసుకుని తిరిగి వచ్చేయకండి. కాఫీతో పాటు గ్లాసెడు నీళ్లు ఇస్తారు, లేవమని ఎవరూ తొందరపెట్టరు, నిదానంగా ష్ట్రూడెల్ అడగండి. చలికాలం చివర్లో అయితే క్రాప్‌ఫెన్ అనే వేయించిన బన్ను కొనండి, లోపల ఆప్రికాట్ జామే ఉందా అని అడిగి మరీ కొనండి. జులైలో వెళ్తే మాత్రం రైలెక్కి క్రెమ్స్ దాకా పోయి, అప్పుడే ఉడికిన మరిల్లెన్‌క్నోడెల్ తినండి. మీగడ పెడతామంటే వద్దనకండి.